పోర్టబుల్ సింథ్‌లో బయటి శబ్దం రికార్డు కావట్లేదా? తరచుగా అడిగే ప్రశ్నలు

చిన్న సింథ్ (చేతిలో పట్టే ఎలక్ట్రానిక్ వాయిద్యం) కొన్నవాళ్లెవరైనా మొదటి వారం లోపలున్న శబ్దాలతోనే ఆడుకుంటారు. రెండో వారానికి మనసు బయటికి మళ్లుతుంది. అమ్మమ్మ మంగళహారతి, ఎంఎంటీఎస్ అనౌన్స్‌మెంటు, వీధిలో తీన్మార్ డప్పు, ఏది వినపడినా శాంపిల్ చేసేయాలనిపిస్తుంది, అంటే ముక్కగా రికార్డు చేసి సింథ్‌లో వాయించుకోవాలనిపిస్తుంది. సరిగ్గా అప్పుడే నాకు ఫోనొస్తుంది: "అన్నా, కేబుల్ పెట్టాను, ఏమీ రావట్లే." అడిగినవాళ్లందరికీ ఫోన్లో చెప్పీ చెప్పీ గొంతు పోయింది, అందుకే ఇక్కడ రాసి పెడుతున్నా. నా అనుభవంలో తప్పు సింథ్‌ది కావడం బహు అరుదు. అది పాడైందని తీర్మానించడం అన్నిటికంటే చివర చేయాల్సిన పని.

అసలేమీ రావట్లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

శబ్దం వచ్చే దారిలో మూడు మజిలీలుంటాయి: ఫోనో మిక్సరో, తర్వాత కేబుల్, తర్వాత సింథ్. మూడింటినీ ఒకేసారి కదిపితే ఏం మార్చితే ఏం జరిగిందో ఎవరికీ అర్థం కాదు. ముందు ఫోన్‌కి ఇయర్‌ఫోన్స్ పెట్టి పాట వినండి. వినపడితే ఫోన్ పని చేస్తున్నట్టే. తర్వాత అదే పాటని, సింథ్‌కి వాడబోయే అదే కేబుల్‌తో ఆక్స్ (బయటి నుంచి కేబుల్ పెట్టే రంధ్రం) ఉన్న స్పీకర్‌కి ఇవ్వండి. ఇంట్లో మూలన పడున్న పాత బ్లూటూత్ స్పీకర్‌కో, కారు స్టీరియోకో ఆ రంధ్రం ఉండే ఉంటుంది. అక్కడా రెండు పక్కలా బాగా వస్తే కేబుల్ కూడా బతికే ఉంది. ఇక మిగిలింది సింథ్ సెట్టింగే.

ఈ పరీక్షకి రెండు నిమిషాలు పట్టదు. అయినా పదిమందిలో తొమ్మిదిమంది ఇది వదిలేసి నేరుగా ఫ్యాక్టరీ రీసెట్ కొట్టి, చేసిన బీట్లన్నీ పోగొట్టుకుని నాకు ఫోన్ చేస్తారు.

స్పీకర్‌లో బాగానే వస్తోంది. సింథ్‌లోనే రావట్లేదు.

పిన్ను పెట్టగానే చాలా యంత్రాలు వాటంతటవే లైన్ ఇన్‌కి, అంటే కేబుల్‌లోంచి శబ్దం తీసుకునే దారికి, మారవు. మనమే చెప్పాలి.

టీనేజ్ ఇంజనీరింగ్ వాళ్ల ఓపీ-1లో మైక్ గుర్తున్న బటన్ నొక్కితే ఇన్‌పుట్ తెర వస్తుంది. అక్కడ మైక్, లైన్, రేడియో వీటిలో దేన్ని తీసుకోవాలో ఎంచుకోవాలి, గెయిన్ (లోపలికొచ్చే శబ్దాన్ని ఎంత పెంచాలన్న సెట్టింగు) కూడా అక్కడే. మైక్ మీదే ఉండిపోతే ఓ విచిత్రం జరుగుతుంది: ఫోన్లో పాట ఆడుతుంటుంది, శాంపిల్‌లో మాత్రం గదిలో ఫ్యాన్ చప్పుడు, మీరు విసుక్కున్న మాట రికార్డవుతాయి. శాంపిల్‌లో మీ గొంతే వినపడితే ఇక వెతకక్కర్లేదు, కారణం అదే.

రోలాండ్ ఎస్‌పీ-404 ఎంకే2లో ఎక్స్‌టర్నల్ సోర్స్ అనే బటన్ ఉంది. అది వెలగకపోతే బయటి శబ్దం మీ చెవికి చేరదు. కొత్తగా కొన్నవాళ్లు నూటికి నూరుపాళ్లు బోల్తా పడేది ఇక్కడే.

అదే కంపెనీ పాకెట్ ఆపరేటర్ పీఓ-33లో తెర మీద ఇలాంటి మెనూ ఏదీ లేదు. రికార్డు బటన్ పట్టుకుని, ఒకటి నుంచి పదహారులో ఏదో ఒక బటన్ నొక్కి ఉంచినంతసేపూ రికార్డవుతుంది. వేలు తీస్తే ఆగిపోతుంది. ఒకసారి నొక్కి వదిలేసి "ఏమీ రాలేదు" అన్నవాళ్లని చూశాను. వాళ్ల శాంపిల్ నిజానికి వచ్చింది, కాకపోతే చిటికెంత.

నాది కోర్గ్ వోల్కా శాంపిల్. ఇన్‌పుట్ ఎక్కడుందో కనపడట్లేదు.

లేదు కాబట్టి కనపడదు. 2014లో వచ్చిన మొదటి వోల్కా శాంపిల్‌కి ఆడియో ఇన్‌పుట్టే లేదు. అందులో ఉన్న సింక్ ఇన్ (వేరే యంత్రంతో తాళం కలిపే) రంధ్రంలోంచి ఫోన్ యాప్ ద్వారా శాంపిళ్లు ఎక్కించాలి. ఆ రంధ్రానికి పాట ఇస్తే పాట రికార్డు కాదు. రెండో మోడల్‌కి యూఎస్‌బీ వచ్చింది గానీ, దాంతోనూ కంప్యూటర్ నుంచి ఫైళ్లు ఎక్కించగలమే తప్ప బయటి శబ్దం రికార్డు చేయలేం.

కేబుల్ సరైనదో కాదో చూసి ఎలా పోల్చుకోవాలి?

పిన్ను మీదున్న నల్ల గీతలు లెక్కపెట్టండి. ఒక గీత ఉంటే మోనో. రెండుంటే స్టీరియో. మూడుంటే స్టీరియోతో పాటు మైక్ కూడా ఉన్న రకం, అంటే ఫోన్ హెడ్‌సెట్ పిన్ను. సింథ్ లైన్ ఇన్‌కి కావలసింది రెండు గీతల పిన్ను.

మూడు గీతల పిన్నుతో తంటా ఏమిటంటే, హెడ్‌సెట్లలో రెండు పద్ధతులున్నాయి. ఇప్పుడు ఎక్కువగా వాడే పద్ధతిలో కొస నుంచి మూడో పట్టీ గ్రౌండు, నాలుగోది మైక్. పాత పద్ధతిలో ఈ రెండూ తారుమారు. గ్రౌండు సరిగా తగలకపోతే శబ్దం వస్తుంది గానీ విచిత్రంగా వస్తుంది: పాటలో గాయకుడు మాయమైపోయి వెనక వాయిద్యాలు మాత్రం నూతిలోంచి వచ్చినట్టు వినపడతాయి. ఎడమ కుడి ఛానళ్లు ఒకదాన్నొకటి కొట్టేసుకుని, మధ్యలో ఉండాల్సింది పోతుందన్నమాట. పిన్ను వెంట్రుకవాసి బయటికి లాగితే గాయకుడు తిరిగొస్తే, అనుమానం అక్కర్లేదు, కేబుల్ మార్చండి.

కోఠీలో అడిగేటప్పుడు 3.5 మిల్లీమీటర్ల పిన్నుని "ఈపీ" అంటారు, గిటార్‌కి వాడే లావు పిన్నుని "పీ-38" అంటారు. స్టీరియో పిన్నుకి అసలు పేరు టీఆర్‌ఎస్, కానీ "టీఆర్‌ఎస్ కావాలి" అంటే కౌంటర్ వెనకాయన మిమ్మల్ని రాజకీయాల్లోకి లాగుతాడు. "ఈపీ స్టీరియో టు ఈపీ స్టీరియో" అనండి, మారుమాట్లాడకుండా చేతిలో పెడతాడు.

ఒక చెవికే వస్తోంది.

మోనో పిన్నుని స్టీరియో రంధ్రంలో పెడితే కుడి ఛానల్ గ్రౌండుకి అంటుకుపోతుంది, ఎడమ ఒక్కటే మిగులుతుంది. ఎదురు దిశలో కూడా అంతే. తాతగారి ట్రాన్సిస్టర్‌కి ఇయర్‌ఫోన్ రంధ్రం మోనోది. దానికి స్టీరియో కేబుల్ పెట్టి రేడియో శాంపిల్ చేస్తే ఎడమ పక్కే వస్తుంది. అది లోపం కాదు. సింథ్‌లో మోనోకి మార్చుకోండి, లేదా మోనో నుంచి రెండు పక్కలకీ పంచే అడాప్టర్ తీసుకోండి.

ప్రాక్టీస్ రూములో మిక్సర్ నుంచి ఇస్తే శాంపిల్ దాదాపు నిశ్శబ్దంగా వస్తోంది. మీటరేమో కదులుతోంది!

ఈ ప్రశ్నంటే నాకు ప్రత్యేకమైన అభిమానం, ఎందుకంటే దీనికి నేనే ఒక సాయంత్రమంతా బలయ్యాను. సికింద్రాబాద్‌లో ఓ స్నేహితుడి రూములో మిక్సర్ వెనక మెయిన్ అవుట్ నుంచి పీ-38 స్టీరియో, ఇటు ఈపీ స్టీరియో ఉన్న కేబుల్ పెట్టాం. హెడ్‌ఫోన్‌లో వింటే శబ్దం ఉంది, కానీ తలలో ఎక్కడుందో చెప్పలేం, చెవుల వెనక్కి పోయినట్టుంది. రికార్డు చేసి వాయిస్తే ఏదో పీలగా, దోమ గునిసినట్టు వచ్చింది. రెండు కేబుళ్లు మార్చాం, సింథ్ బ్యాటరీ తీసి పెట్టాం, ఒకరినొకరు తిట్టుకున్నాం.

సంగతేమిటంటే, ఆ మిక్సర్ అవుట్ బ్యాలెన్స్‌డ్. దాని పిన్నులో రెండు తీగలున్నా అవి ఎడమ, కుడి కావు. ఒకే శబ్దం ఒక తీగలో సూటిగా, రెండో తీగలో తలకిందులుగా పోతుంది. దూరం పోయే కేబుల్‌లో మధ్యలో ఎక్కిన రొదని చివర్లో కొట్టేయడానికి అలా పెట్టారు. మన సింథ్ మాత్రం వాటిని ఎడమ, కుడి అనుకుని తీసుకుంటుంది. మోనో చేయడానికి రెండూ కలపగానే ఒకటి ప్లస్, ఒకటి మైనస్, మిగిలేది సున్నా.

మిక్సర్ వైపు మోనో పీ-38, సింథ్ వైపు స్టీరియో ఈపీ ఉండి, లోపల రెండు పక్కలకీ అదే తీగ కలిపిన కేబుల్ పెడితే అయిపోయింది. లేదా మిక్సర్‌కి ఆర్‌సీఏ (ఎరుపు, తెలుపు రంధ్రాల) టేప్ అవుట్ ఉంటే అక్కణ్ణుంచి తీసుకోండి. అది అన్‌బ్యాలెన్స్‌డ్, పైగా లెవెల్ కూడా మన చిన్న యంత్రాలకి సరిపోతుంది.

శబ్దం పగిలిపోతోంది. గెయిన్ తగ్గించినా అంతే.

ఇంట్లో వాడే పరికరాల లైన్ లెవెల్ సుమారు 0.3 వోల్టు. స్టూడియో పరికరాలది సుమారు 1.2 వోల్టు. రెండింటికీ తేడా దాదాపు 12 డెసిబెల్స్. మైక్ నుంచి వచ్చేది కొన్ని మిల్లీవోల్టులే. సింథ్ ఇంటి లెవెల్‌కి తయారైతే, స్టూడియో లెవెల్ ఇచ్చినప్పుడు దాని ముందు భాగంలోనే శబ్దం తెగిపోతుంది. తర్వాత మీరు గెయిన్ ఎంత తగ్గించినా తెగిన ముక్క అతకదు, మెల్లగా వినపడే పగుళ్లు వస్తాయంతే. అందుకే తగ్గించాల్సింది పంపే చోట.

అక్కడ తగ్గించే వీలు లేకపోతే రెండు రెసిస్టర్లతో ప్యాడ్ (లెవెల్ తగ్గించే చిన్న సర్క్యూట్) చేసుకోవచ్చు. శబ్దం వచ్చే తీగకి 10 కిలో ఓమ్‌లు వరుసలో, దాని తర్వాత సింథ్ వైపు నుంచి గ్రౌండుకి 3.3 కిలో ఓమ్‌లు. లెవెల్ సరిగ్గా ఓ 12 డెసిబెల్స్ పడిపోతుంది. స్టీరియో అయితే ఇలాంటివి రెండు. నా జేబులో ఎప్పుడూ ఉండే కేబుల్‌కి మధ్యలో నల్ల టేపు చుట్టిన గడ్డ ఉంటుంది, అది ఇదే. ఎయిర్‌పోర్టులో సెక్యూరిటీవాళ్లు దాన్ని అదోలా చూస్తారు, అదొక్కటే ఇబ్బంది.

ఫోన్ విషయంలో లెక్క తిరగబడుతుంది. వాల్యూమ్ సగంలో పెట్టి, సింథ్ గెయిన్ నిండా తిప్పితే శబ్దం కంటే రొద ఎక్కువ వస్తుంది. ఫోన్ వాల్యూమ్ ముప్పాతిక పైన పెట్టి, సింథ్ గెయిన్ కింద నుంచి మెల్లగా పెంచండి. డాల్బీ, ఈక్వలైజర్ లాంటి హంగులన్నీ ఆపేయండి. నోటిఫికేషన్లు కూడా. మా తమ్ముడు ముచ్చటపడి చేసిన లూప్‌లో ఇప్పటికీ నాలుగు బార్లకోసారి వాట్సాప్ "టింగ్" మోగుతూనే ఉంటుంది.

మైక్ నేరుగా లైన్ ఇన్‌లో పెట్టొచ్చా?

పెట్టొచ్చు, కానీ చీమ గొంతు వస్తుంది. భజనలకి వాడే చేతిమైకుల్లాంటి డైనమిక్ మైక్‌కి ప్రీఆంప్ (మైక్ శబ్దాన్ని ముందుగా పెంచే పరికరం) కావాలి. కండెన్సర్ మైక్‌కి 48 వోల్టుల ఫాంటమ్ పవర్ కావాలి, అది ఇలాంటి బుల్లి సింథ్‌లలో సాధారణంగా ఉండదు. కాలర్ మైక్‌కి కూడా కొద్దిపాటి వోల్టేజీ కావాలి, మామూలు లైన్ ఇన్ అది ఇవ్వదు. చిన్న మిక్సర్ మధ్యలో పెట్టుకోండి. లేదంటే ముందు ఫోన్‌లోనో రికార్డర్‌లోనో రికార్డు చేసి, తర్వాత సింథ్‌లోకి పంపండి. నేను చేసేది రెండోదే. టేకు చెడితే మళ్లీ పాడమని అమ్మమ్మని బతిమాలుకోనక్కర్లేదు.

వెనకాల గుయ్‌మని ఒకటే మోత.

ముందు ఛార్జర్ పీకండి. మోత ఆగితే గ్రౌండ్ లూప్ లేదా ఛార్జర్ రొద. సింథ్ ఛార్జింగులో ఉండి, ల్యాప్‌టాప్ కూడా ఛార్జింగులో ఉండి, రెండూ కేబుల్‌తో కలిస్తే ఎర్తింగ్ దారులు రెండవుతాయి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ఆ 50, 100 హెర్ట్జ్‌ల గుయ్‌గుయ్ లోపలికి ఎక్కుతుంది. రెండూ బ్యాటరీ మీద నడిపి రికార్డు చేయండి. తప్పక ప్లగ్గులోనే ఉండాలంటే, మధ్యలో ఆడియో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టండి. కారు స్టీరియోలకి గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ అని అమ్మేది అదే. మోత పోతుందని మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్త్ పిన్ను విరగ్గొట్టే పుణ్యాత్ములున్నారు. ఆ పని మాత్రం చేయకండి, ప్రాణం మీదకొస్తుంది.

ఛార్జర్ పీకినా మోత ఉంటే, అది గాల్లోంచి వస్తోంది. హైదరాబాద్ ఇళ్లలో నాకు దొరికిన దొంగలు ఇద్దరు. మొదటివాడు ఫ్యాన్ రెగ్యులేటర్. అంకెల మీద టక్కుటక్కుమని ఆగే రకం చాలావరకు కెపాసిటర్లతో పని చేస్తుంది, అది పెద్దగా బాధించదు. మధ్యలో ఆగకుండా నున్నగా తిరిగే డిమ్మర్ రకం మాత్రం కరెంటు తరంగాన్ని సెకనుకి వందసార్లు కోస్తుంది, ఆ కోత శబ్దం మైక్ కేబుల్‌లోకి ఎక్కుతుంది. ఫ్యాన్ నిండా పెట్టండి, లేదా పూర్తిగా ఆపండి. చెమట పట్టినా ఆపడమే మేలు, ఎలాగూ ఫ్యాన్ గాలి మైక్‌లో హోరుమంటుంది.

రెండోవాడు ఇన్వర్టర్. ఎండాకాలం కరెంటు పోగానే పాతకాలపు స్క్వేర్‌వేవ్ ఇన్వర్టర్ అందుకుంటుంది, శాంపిల్‌లో తేనెటీగల గూడు వచ్చి చేరుతుంది. సైన్‌వేవ్ ఇన్వర్టర్ ఉన్నవాళ్లకి ఈ బెడద తక్కువ. లేనివాళ్లు కరెంటు వచ్చేదాకా ఆగండి, లేదా పవర్ బ్యాంకు మీద నడపండి. పీఓ-33 లాంటి కొద్ది కరెంటు తాగేవాటికి పవర్ బ్యాంకు మాట ఎత్తొద్దు, అవి రెండు ట్రిపుల్-ఏ సెల్స్ మీదే నడుస్తాయి.

ఇక "బిట్ బిట్ బిట్ బిర్ర్ర్" అని వస్తే అది పక్కనే ఉన్న మొబైల్. టూజీ సిగ్నల్ సెకనుకి 217 సార్లు కొట్టుకునే చప్పుడది. ఫ్లైట్ మోడ్.

ఫోన్‌కి హెడ్‌ఫోన్ రంధ్రమే లేదు.

టైప్-సీ డాంగిల్ కావాలి. వీటిలో రెండు జాతులు. ఒకదాంట్లో సొంత డాక్ చిప్ (డిజిటల్ శబ్దాన్ని అనలాగ్‌గా మార్చేది) ఉంటుంది, రెండోదాంట్లో ఉత్త తీగలే. ఉత్త తీగల రకం, టైప్-సీ లోంచి అనలాగ్ శబ్దం పంపగల ఫోన్లకే పని చేస్తుంది. డాక్ ఉన్నది అడగండి. ఆపిల్ టైప్-సీ డాంగిల్ శబ్దం చక్కగా ఉంటుంది, కానీ కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లలో వాల్యూమ్ మరీ తక్కువ వస్తుంది, చూసుకుని కొనండి.

ఎస్‌పీ-404 ఎంకే2 అయితే యూఎస్‌బీలోంచే ఆడియో తీసుకుంటుంది. నేరుగా కేబుల్ కలిపితే డాంగిల్ గొడవే ఉండదు. బ్లూటూత్ సంగతి అడగకండి, వీటిలో ఎక్కువవాటికి అది లేదు.

బోనాలప్పుడు డప్పు రికార్డు చేశా. ఫోన్లో వింటే బాగుంది, సింథ్‌లో చచ్చుగా ఉంది.

డప్పులో ప్రాణమంతా ఆ మొదటి దెబ్బలో ఉంటుంది. ఫోన్ రికార్డర్‌కి అదే గిట్టదు. అది మాటల కోసం తయారైంది. పెద్ద దెబ్బ పడగానే లెవెల్ నొక్కేస్తుంది, దెబ్బకీ దెబ్బకీ మధ్యనున్న సందడిని పైకి లేపుతుంది, ఆపైన నాయిస్ తగ్గింపు పేరుతో చర్మం మోగే గరుకుదనాన్ని తుడిచేస్తుంది. సెట్టింగుల్లో ఆటో గెయిన్, నాయిస్ తగ్గింపు ఆపేసే వీలున్న యాప్ వాడండి, ఎంపీ3 కాకుండా వేవ్ ఫైల్‌గా తీయండి.

సింథ్ సొంత మైక్‌తో తీసేటట్టయితే, లష్కర్ బోనాల ఊరేగింపులో పోతరాజు వెనకే నడుస్తూ చేయి చాపకండి. అంత దగ్గర్లో మైక్ క్యాప్స్యూలే తట్టుకోలేదు, గెయిన్ సున్నా చేసినా పగులుతుంది. పదిహేను అడుగులు వెనక్కి జరిగి, ఏదో ఒక గోడ పక్కన నిలబడండి. నేను ఓ ఏడాది ఉజ్జయిని మహంకాళి గుడి సందులో మూసి ఉన్న షట్టర్‌కి ఆనుకుని తీసిన దెబ్బ ఇప్పటికీ వాడుతున్నా. ఆ షట్టర్ చిన్నగా జల్లుమన్న చప్పుడు కూడా అందులో ఉంది, అదే దానికి అందం.

పిన్ను కదిపినప్పుడల్లా కర్‌కర్.

జేబులో నలిగిన నూలు, వానాకాలం చెమ్మ. టూత్‌పిక్‌తో నూలు తీయండి. పిన్నుకి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ రాసి, సింథ్ ఆపేసి, రంధ్రంలో పెట్టి ఇరవై సార్లు తిప్పండి, ఆరనివ్వండి. అయినా తగ్గకపోతే లోపల సోల్డరింగ్ వదిలినట్టు. కొబ్బరినూనె వేసినవాడు ఒకడున్నాడు, పేరు చెప్పను.

పీఓ-33లో శాంపిల్ మధ్య "టిక్ టిక్" అని వస్తోంది.

రెండు పాకెట్ ఆపరేటర్లని సింక్ చేసి, అంటే తాళం కలిపి, మర్చిపోయారు. సింక్ టిక్కులు ఎడమ ఛానల్‌లో, శబ్దం కుడి ఛానల్‌లో పోతాయి. రెండు యంత్రాలనీ ఎస్‌వై0కి (సింక్ లేని మోడ్‌కి) తెచ్చి తీయండి.

అది ఏమీ రికార్డు చేయనని మొరాయిస్తే మాత్రం జాగా అయిపోయి ఉంటుంది. మొత్తం కలిపి 40 సెకన్లే. పాట ముక్కని ఫోన్లో రెట్టింపు వేగంతో ఆడించి రికార్డు చేసి, సింథ్‌లో ఒక ఆక్టేవ్ (ఒక స్థాయి) కిందకి దించితే సగం జాగాలో పడుతుంది. కాస్త మసకబారుతుంది. నాకు ఆ మసకే ఇష్టం.

ఇవన్నీ హైదరాబాద్‌లో ఎక్కడ దొరుకుతాయి?

పిన్నులు, రెసిస్టర్లు, కేబుళ్లకి కోఠీ గుజరాతీ గల్లీ. డాంగిళ్లకి అబిడ్స్ జగదీశ్ మార్కెట్, లేదా పారడైజ్ దగ్గర సీటీసీ (చెనాయ్ ట్రేడ్ సెంటర్). కొనేముందు కేబుల్ అక్కడే పెట్టి వినండి. "ఒరిజినల్" అన్న మాట నమ్మి తెచ్చుకున్న కేబుల్‌లో గ్రౌండు తీగ అసలు అతికించే లేదు. ఇంటికొచ్చి పిన్ను మూత విప్పితే ఎర్రటి తీగ, తెల్లటి తీగ ముచ్చటగా ఉన్నాయి, మూడోది గాల్లో ఊగుతోంది.

గోల్కొండలో చప్పట్లు శాంపిల్ చేయాలని వెళ్లాను. ప్రతిసారీ చప్పట్లో మొదటి సగం తెగిపోతోంది.

మీ సింథ్‌లో ఆటో రికార్డు, అంటే త్రెషోల్డ్ పెట్టుకుని ఉంటారు. శబ్దం ఒక స్థాయి దాటాకే రికార్డు మొదలవుతుంది. చప్పట్లలాంటి చురుకైన శబ్దంలో ఆ దాటేలోపే అసలు దెబ్బ అయిపోతుంది. త్రెషోల్డ్ ఆపేసి, ముందే రికార్డు నొక్కి, ఖాళీ కొంచెం రానిచ్చి, తర్వాత మొదలు కత్తిరించుకోండి.

ఫతే దర్వాజా గుమ్మటం కింద కొట్టిన చప్పట్లు కొండ మీద బాలా హిసార్ దాకా వినపడతాయి కదా, ఆ రెండు చోట్లా తీయండి. కింద గెయిన్ బాగా తగ్గించాలి. పైన గెయిన్ నిండా పెట్టాలి, అప్పుడు గాలి కూడా పడుతుంది కాబట్టి మైక్ మీద చేతిరుమాలు కప్పండి. పొద్దున్నే తలుపులు తీసిన వెంటనే వెళ్లండి. పది దాటితే ప్రతి గైడూ, ప్రతి పిల్లాడూ చప్పట్లే. కింద కొట్టడానికి ఒక మనిషిని తీసుకెళ్లండి, ఫోన్లో "కొట్టు" అని చెప్పాక ఆ ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో పెట్టడం మర్చిపోకండి. మీ మనిషికి మాత్రం ముందే చెప్పి ఉంచండి, తర్వాత మీరు ఫోన్ ఎత్తరని. నా మరదలు అరగంట పాటు కొడుతూనే ఉంది.